కుక్కల పందేలకు కఠిన శిక్షలు: చట్టంలో అంకె మారితే ఏం మారుతుంది?

రెండు కుక్కలను బరిలోకి దింపి, ఒకటి చచ్చేదాకానో లొంగిపోయేదాకానో కొట్లాడించి, దాని మీద డబ్బు కాసే మనిషికి అమెరికా ఫెడరల్ చట్టం 5 ఏళ్ల వరకు జైలు శిక్ష వేయగలదు. ఇంగ్లండ్, వేల్స్‌లలోనూ గరిష్ఠ శిక్ష 5 ఏళ్లే. కాకపోతే 2021 జూన్ 29కి ముందు అది 6 నెలలు. భారతదేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మొదటిసారి దోషిగా తేలినవారు కట్టవలసింది 10 రూపాయలకు తగ్గని, 50 రూపాయలకు మించని జరిమానా. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తట్టే పరిష్కారం ఒకటే: 50 రూపాయలు ఉన్నచోట 5 ఏళ్లు అని రాస్తే పని అయిపోతుంది. శిక్షలు పెంచాలని కోరే విన్నపాలు చాలావరకు ఇక్కడితోనే ఆగిపోతుంటాయి.

అయితే ఈ అంకెను ఇప్పటికే మార్చిన దేశాల అనుభవం చూస్తే, శిక్ష తీవ్రత పందెగాడి మనసులో పుట్టించే భయం కన్నా పోలీస్ స్టేషన్‌లోనూ ప్రాసిక్యూటర్ కార్యాలయంలోనూ తెచ్చే మార్పే పెద్దదని అర్థమవుతుంది. ఒక నేరానికి ఎంత శిక్ష ఉందన్నదాన్ని బట్టే దాన్ని చిన్న నేరంగా చూడాలా, తీవ్ర నేరంగా చూడాలా అన్నది చాలా దేశాల్లో తేలుతుంది. వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చా, నెలల తరబడి నిఘా పెట్టడానికి సిబ్బందిని కేటాయించవచ్చా, కేసు ఎంతకాలంలోగా వేయాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఆ వర్గీకరణ నుంచే వస్తాయి. 50 రూపాయల జరిమానా కోసం ఏ అధికారీ ఆరు నెలలు మారువేషంలో తిరగడు; తిరగమని పై అధికారీ చెప్పడు. కనుక శిక్ష పెంచడాన్ని ప్రతీకారం కోణం నుంచి కాక, దర్యాప్తు జరగడానికి వీలు కల్పించే ఏర్పాటుగా చూస్తే ఈ చర్చలోని చిక్కుముడులు కొంత విడివడతాయి.

పందెం ఒక గంట, తయారీ కొన్ని నెలలు

ఈ నేరాన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో తెలియాలంటే అది జరిగే తీరు తెలియాలి. వ్యవస్థీకృతంగా సాగే పందెంలో రెండు కుక్కల యజమానులు వారాల ముందే ఒప్పందం కుదుర్చుకుంటారు. ఏ బరువు దగ్గర కొట్లాడించాలో, ఎంత పందెమో, ఎవరు తీర్పరిగా ఉండాలో అందులో తేలుతుంది; చెప్పిన బరువుకు మించి కుక్కను తెచ్చినవాడు ముందే కట్టిన సొమ్ము వదులుకోవాలి. అప్పటినుంచి కుక్కను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తారు, మెడకు బరువైన గొలుసులు వేసి తిప్పుతారు, గుండ్రంగా తిరిగే కొయ్యకు కట్టి, అందనంత దూరంలో ఎర వేలాడదీసి దాని వెంట పరుగెత్తిస్తారు. బరి అంటే ప్లైవుడ్‌తో రెండు మూడు అడుగుల ఎత్తున కట్టిన చతురస్రం. కుక్కల కాళ్లు జారకుండా అడుగున పాత కార్పెట్ పరుస్తారు, ఎదురెదురు మూలల్లో గీతలు గీస్తారు. దిగే ముందు ఒకరి కుక్కను మరొకరు కడుగుతారు, ఎందుకంటే ఎదుటి కుక్క నోటికి తగిలేలా బొచ్చుకు విషం పూసి ఉంటారన్న అనుమానం ఇద్దరికీ ఉంటుంది. నమ్మకం అంత చక్కగా ఉన్న లోకమిది.

కొట్లాట గంట సాగవచ్చు, రెండు గంటలూ సాగవచ్చు. కుక్క ముఖం తిప్పేసినా, గీత దాటి ఎదుటి కుక్క మీదికి వెళ్లడానికి మొరాయించినా ఓడినట్టే. దవడ బిగుసుకుపోతే విడదీయడానికి ఒక చెక్కపుల్లను పళ్ల మధ్య దూర్చి తిప్పుతారు. గాయపడ్డ కుక్కను పశువైద్యుడి దగ్గరకు తీసుకెళితే ప్రశ్నలు వస్తాయి కనుక చర్మం కుట్టే స్టేప్లర్, యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు, సెలైన్ సీసాలు దగ్గర పెట్టుకుని సొంత వైద్యం చేస్తారు. ఓడిన కుక్కలు చాలావరకు ఆ వైద్యానికీ నోచుకోవు. మూడు పందేలు గెలిచిన కుక్కను ఛాంపియన్ అనీ, ఓడకుండా ఐదు గెలిచినదాన్ని గ్రాండ్ ఛాంపియన్ అనీ పిలుస్తారు, వాటి పిల్లలకు మంచి ధర పలుకుతుంది. అంటే ఈ వ్యాపారంలో బరి దగ్గర చేతులు మారే డబ్బు ఒక భాగం మాత్రమే; వంశం పేరుతో సాగే అమ్మకాలు మరో పెద్ద భాగం.

చట్టం రాసేవారు గమనించవలసిన విషయం ఈ వివరాల్లోనే ఉంది. కొట్లాట జరిగే ఆ ఒకటి రెండు గంటలు, చివరి నిమిషంలో చెప్పిన చోట, కాపలా మనుషుల మధ్య గడిచిపోతాయి. పోలీసులు సరిగ్గా ఆ సమయానికి చేరుకోవడం అరుదు. వారికి దొరికేది తర్వాతో ముందో కనిపించే జాడలు: పెరట్లో ఒకదానికొకటి అందనంత ఎడంగా బరువైన గొలుసులతో కట్టిన కుక్కలు, వాటి ముఖం మీద, ఛాతీ మీద, ముందుకాళ్ల మీద గుంపుగా ఉన్న పాత మచ్చలు, తూకం యంత్రం, రక్తపు మరకలున్న కార్పెట్ ముక్క, బరువులూ తేదీలూ రాసుకున్న పుస్తకం. కొన్నిసార్లు రక్తపరీక్ష కూడా సాక్ష్యం చెబుతుంది. కుక్కకాటు ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి పాకే బబీసియా గిబ్సోని అనే పరాన్నజీవి పందెం కుక్కల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ‘కొట్లాడించడం’ ఒక్కటే నేరమని రాసిన చట్టం కింద ఈ జాడలన్నీ పరోక్ష సాక్ష్యాలుగా మిగిలిపోతాయి. పందెం కోసం కుక్కను ఉంచుకోవడం, శిక్షణ ఇవ్వడం, అమ్మడం, తరలించడం, సామగ్రి కలిగి ఉండడం వేర్వేరు నేరాలుగా రాసిన చట్టం కిందనయితే ఇవే నేరుగా రుజువులవుతాయి. నా అంచనాలో శిక్షను రెట్టింపు చేయడం కన్నా ఈ జాబితాను విస్తరించడమే పందెగాళ్లకు ఎక్కువ ఇబ్బంది.

యాభై రూపాయల వెనక ఉన్న చిక్కు

భారతీయ చట్టంలో తక్కువ జరిమానా ఒక్కటే లోపం కాదు. 1960 చట్టంలోని 11వ సెక్షన్, మొదటి ఉపసెక్షన్‌లో ‘ఎం’ క్లాజు వినోదం కోసమే జంతువును పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నేరంగా చెబుతుంది. ‘ఎన్’ క్లాజు జంతువుల పోట్లాటకు స్థలం ఏర్పాటు చేయడం, నిర్వహించడం, ప్రవేశానికి డబ్బు తీసుకోవడం వంటివాటిని నేరంగా చెబుతుంది. రెండింటికీ శిక్ష ఒకటే: మొదటిసారి 10 నుంచి 50 రూపాయలు, మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయల జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. కానీ అదే చట్టంలోని 31వ సెక్షన్ ‘ఎన్’ క్లాజును కాగ్నిజబుల్ నేరాల్లో చేర్చి, ‘ఎం’ క్లాజును వదిలేసింది. కనుక స్థలం నడిపినవాడి మీద పోలీసులు నేరుగా కేసు నమోదు చేసి అరెస్టు చేయవచ్చు. కుక్కను తెచ్చి ఉసిగొల్పినవాడి విషయంలో మాత్రం మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే దర్యాప్తు మొదలుపెట్టలేరు. ఒకే బరి దగ్గర నిలబడ్డ ఇద్దరి మధ్య ఈ తేడా ఎందుకో చట్టం చదివితే అంతుపట్టదు.

దీనికి 36వ సెక్షన్ తోడవుతుంది. ఈ చట్టం కింద నేరం జరిగిన నాటి నుంచి 3 నెలలు దాటితే ప్రాసిక్యూషన్‌కు వీలుండదు. నెలల తరబడి ఫోన్ రికార్డులు, బ్యాంకు లావాదేవీలు, కుక్కల రక్తసంబంధాలు పరిశీలించి అల్లవలసిన కేసును 3 నెలల్లో ముగించడం దాదాపు అసాధ్యం. ‘రెండోసారి’ అన్న ఏర్పాటు కూడా కాగితం మీదే బాగుంటుంది, ఎందుకంటే మూడేళ్లలోపు రెండోసారి అని నిరూపించాలంటే మొదటిసారి ఎవరో ఒకరు 50 రూపాయల కేసును ఓపికగా చివరిదాకా నడిపి, దాని రికార్డు భద్రపరచి ఉండాలి.

ఇంకా వింతైన విషయం ఒకటి ఉంది. బ్రిటిష్ పాలనలో చేసిన 1867 నాటి ప్రజా జూద చట్టంలోని 13వ సెక్షన్, బహిరంగ స్థలంలో పక్షులనో జంతువులనో కొట్లాడించినవారికీ, అక్కడే ఉండి దానికి తోడ్పడినవారికీ 50 రూపాయల వరకు జరిమానా, లేదా ఒక నెల వరకు జైలు విధించవచ్చని చెబుతుంది. వారెంట్ లేకుండా పట్టుకునే అధికారమూ అందులో ఉంది. జూదం మీద చాలా రాష్ట్రాలు తర్వాత సొంత చట్టాలు చేసుకున్నాయి, ఆ సంగతి అలా ఉంచితే, జంతువులను కాపాడడం కోసమే 93 ఏళ్ల తర్వాత వచ్చిన చట్టం, జూదాన్ని అరికట్టడానికి వచ్చిన చట్టం కన్నా మొదటి నేరం విషయంలో మెత్తగా ఉంది. నేటి భారతీయ న్యాయ సంహితలో 112వ సెక్షన్ ముఠాగా సాగే అనధికార బెట్టింగ్‌కు ఏడాది నుంచి 7 ఏళ్ల వరకు జైలు విధిస్తుంది. అంటే కుక్కల పందెం కేసులో కుక్కల సంగతి పక్కనబెట్టి, డబ్బు సంగతి పట్టుకుంటేనే పోలీసులకు బలమైన సెక్షన్ దొరుకుతుంది. అనుభవమున్న దర్యాప్తు అధికారులు చేసేదీ అదే, చేయవలసిందీ ప్రస్తుతానికి అదే.

న్యాయ సంహితలోనే 325వ సెక్షన్ జంతువును చంపడం, అవయవాలు దెబ్బతీయడం వంటి చర్యలకు 5 ఏళ్ల వరకు శిక్ష చెబుతుంది కదా అని కొందరు అడుగుతారు. ఆ సెక్షన్ ఆస్తినష్టానికి సంబంధించిన నేరాల్లో భాగం. దాని కింద నేరం రుజువు కావాలంటే ప్రజలకో మరొకరికో నష్టం కలిగించే ఉద్దేశం ఉండాలి. ఎవరైనా పక్కింటివారి కుక్కను చంపితే అది చక్కగా సరిపోతుంది. ఒకడు తన సొంత కుక్కను, మరొకడు తన సొంత కుక్కను ఇష్టపూర్వకంగా దింపినప్పుడు నష్టపోయిన మూడో మనిషి ఎవరని ముద్దాయి తరఫు న్యాయవాది అడుగుతాడు. కుక్క అనుభవించిన బాధకు ఆ సెక్షన్ లెక్కలో చోటు లేదు.

సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టుకు సంబంధించిన నాగరాజ కేసు తీర్పులో ఈ శిక్షలు ఏమాత్రం భయపెట్టేలా లేవని గుర్తించి, పార్లమెంటు తగిన సవరణ చేస్తుందని ఆశించింది. కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో ఒక ముసాయిదా సవరణను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. ఘోరమైన హింస అనే కొత్త వర్గాన్ని సృష్టించి, దానికి కనీసం 50 వేల రూపాయల జరిమానా, లేదా ఏడాది నుంచి 3 ఏళ్ల వరకు జైలు, జంతువును చంపితే 5 ఏళ్ల వరకు జైలు అందులో ప్రతిపాదించారు. అంకెల విషయంలో ఇది పెద్ద ముందడుగే. పందెం కోసం కుక్కలను పెంచడం, శిక్షణ ఇవ్వడం, చూడడానికి రావడం విడివిడి నేరాలుగా చేరితే తప్ప, పై పేరాల్లో చెప్పిన పెరటి జాడలు ఈ కొత్త అంకెల కింద కూడా పరోక్ష సాక్ష్యాలుగానే మిగులుతాయి.

అమెరికా మెట్లు

అమెరికాలో ఈ ప్రయాణం ఒక్క దూకులో జరగలేదు. 1976లో జంతు సంక్షేమ చట్టానికి చేసిన సవరణతో జంతువుల పోట్లాటలు ఫెడరల్ నేరమయ్యాయి కానీ, గరిష్ఠ శిక్ష ఏడాది. అంటే చిన్న నేరం. ఫెడరల్ ప్రాసిక్యూటర్లు దాన్ని ముట్టుకోవడం చాలా అరుదు. 2007 మే 3న సంతకమైన చట్టం దాన్ని 3 ఏళ్లకు, మరుసటి ఏడాది వ్యవసాయ బిల్లు 5 ఏళ్లకు పెంచాయి. 2014లో ప్రేక్షకుడిగా హాజరవడమే ఏడాది వరకు శిక్ష పడే నేరమైంది. 16 ఏళ్లలోపు పిల్లలను వెంట తీసుకెళితే 3 ఏళ్ల వరకు. రాష్ట్రాల చట్టాలు వేరుగా నడిచాయి. 2008లో ఐడహో, వయోమింగ్ కూడా మారాక 50 రాష్ట్రాల్లోనూ ఇది తీవ్ర నేరమైంది.

2007 నాటి మైకేల్ విక్ కేసు ఈ మెట్లను అర్థం చేసుకోవడానికి బాగా ఉపకరిస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అట్లాంటా ఫాల్కన్స్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతూ కోట్లు సంపాదిస్తున్న విక్‌కు వర్జీనియాలోని సర్రీ కౌంటీలో ఒక స్థలం ఉండేది. అతని బంధువు మీద నడుస్తున్న మాదకద్రవ్యాల దర్యాప్తులో భాగంగా 2007 ఏప్రిల్‌లో పోలీసులు అక్కడ సోదా చేసినప్పుడు పదుల కొద్దీ పిట్‌బుల్ కుక్కలు, పందెం సామగ్రి బయటపడ్డాయి. ఆ వారాల్లోనే కొత్త చట్టం మీద సంతకమైంది కానీ, అంతకుముందు జరిగిన నేరాలకు అది వర్తించదు. కుక్కల పందేనికి పాత చట్టం కింద ఏడాదికి మించి అడిగే వీలు లేకపోవడంతో ప్రాసిక్యూటర్లు, రాష్ట్ర సరిహద్దులు దాటి చట్టవ్యతిరేక వ్యాపారం నడపడానికి కుట్ర పన్నారన్న అభియోగాన్ని ముందుకు తెచ్చారు. దాని గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు. విక్ నేరం ఒప్పుకున్నాడు. డిసెంబరులో 23 నెలల జైలు శిక్ష పడింది. కుక్కల సంరక్షణకు 9 లక్షల 28 వేల డాలర్లు కట్టవలసి వచ్చింది. తర్వాత రాష్ట్ర కోర్టు వేసిన 3 ఏళ్ల శిక్ష అమలు కాకుండా సస్పెండ్ అయింది. అంత పేరున్న ముద్దాయి, అంత బలమైన సాక్ష్యం ఉన్న కేసులోనే అసలు నేరానికి తగిన సెక్షన్ లేక ప్రాసిక్యూషన్ చుట్టుదారి పట్టింది.

గరిష్ఠ శిక్షను 5 ఏళ్లు చేశాక కూడా ఒక అడ్డంకి మిగిలిపోయింది, దాని గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు. అమెరికా ఫెడరల్ న్యాయమూర్తులు శిక్షను నిర్ణయించేటప్పుడు సెంటెన్సింగ్ కమిషన్ రూపొందించిన పట్టికను చూస్తారు. అందులో జంతువుల పోట్లాట నేరస్థాయి 10గా ఉండేది. పాత నేరచరిత్ర లేనివాడు నేరం ఒప్పుకుంటే రెండు స్థాయిలు తగ్గి, పట్టిక సూచించే శిక్ష 0 నుంచి 6 నెలలకు దిగిపోయేది. చట్టసభ 5 ఏళ్లు అని రాసిన 8 ఏళ్లకు, అంటే 2016 నవంబరు 1 నుంచి, కమిషన్ ఆ స్థాయిని 16కు పెంచింది. ఇప్పుడు అదే ముద్దాయికి ఒప్పుకోలు తగ్గింపు పోను 12 నుంచి 18 నెలలు సూచిస్తుంది. చట్టంలోని గరిష్ఠ శిక్ష ఒకటి, కోర్టులో నిజంగా పడే శిక్ష మరొకటి అన్నదానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆ పట్టిక మారకముందే అలబామాలో ఒక న్యాయమూర్తి దాన్ని దాటి వెళ్లారు. 2013 ఆగస్టులో అలబామా, జార్జియాల్లో 367 కుక్కలను స్వాధీనం చేసుకున్న కేసులో ప్రధాన నిందితుడికి, జూదం నేరం కూడా కలిపి, 8 ఏళ్ల శిక్ష వేశారు.

తీవ్ర నేరమన్న ముద్ర పడ్డాక దర్యాప్తు ఎలా మారిందో 2009 నాటి మిస్సోరీ ఆపరేషన్ చూపుతుంది. పోలీసులు తామే పందెగాళ్లుగా నటిస్తూ నెలల తరబడి ఆ వలయంలో తిరిగి, ఆ ఏడాది జులైలో 8 రాష్ట్రాల్లో ఒకేసారి దాడులు చేసి 400కు పైగా కుక్కలను విడిపించారు. అక్కడ తీసిన నమూనాలతో మరుసటి ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పందెం కుక్కల డీఎన్ఏ నిధి ఒకటి ఏర్పడింది. ఒక పెరట్లో దొరికిన కుక్కకూ వేరే రాష్ట్రంలోని పెంపకందారుకూ ఉన్న సంబంధాన్ని అది బయటపెట్టగలదు.

బ్రిటన్ కథ చిన్నది. 1835లోనే నిషేధించిన దేశం అది. 2006 నాటి జంతు సంక్షేమ చట్టంలోని 8వ సెక్షన్ కొట్లాడించడం మొదలుకొని ప్రచారం, పందెం కాయడం, సామగ్రి, శిక్షణ, స్థలం, హాజరు, వీడియోల పంపిణీ దాకా అన్నిటినీ కలుపుకుంది. జాబితా ఇంత సమగ్రంగా ఉన్నా గరిష్ఠ శిక్ష 6 నెలలే కావడంతో, మొదట్లోనే నేరం ఒప్పుకున్నవారికి మూడో వంతు తగ్గించాలన్న నియమం వల్ల ఎంత క్రూరంగా ప్రవర్తించినవాడికైనా 4 నెలలకు మించి పడేది కాదు. కనుక అక్కడ నిజంగానే అంకె మార్చడమే మిగిలిన పని, 2021లో చేసిందీ అదే. ఏ దేశానికి ఏ మందు అన్నది అక్కడి చట్టంలో ఏది లోపించిందో చూసి చెప్పాలి.

చూడడానికి వచ్చినవాడు, వీడియో చూసినవాడు

ప్రేక్షకులను శిక్షించడం అతి అని వాదించేవారున్నారు. రోడ్డు మీద గుంపు కనిపించి ఆగినవాడి విషయంలో ఆ వాదన నిజమే. కుక్కల పందేనికి అలా దారినపోతూ ఆగే వీలు లేదు. ఎవరో ఒకరు పిలిచి, చివరి నిమిషంలో చోటు చెప్పి, డబ్బు తీసుకుని లోపలికి పంపాలి. పందేలు కాసేదీ ఆ ప్రేక్షకులే. పైగా దాడి జరిగిన క్షణంలో కుక్కల యజమానులు కూడా గుంపులో కలిసిపోయి ‘చూడడానికి వచ్చాం’ అంటారు. హాజరు నేరం కాని చోట ఆ మాట తాళంచెవిలా పనిచేస్తుంది. హాజరుకు తక్కువ శిక్ష, నిర్వాహకులకు ఎక్కువ శిక్ష అన్న మెట్ల పద్ధతి ఉంటే, చిన్న శిక్ష పడే మనిషి పెద్దవాడి మీద సాక్ష్యం చెప్పడానికి ముందుకు వచ్చే అవకాశమూ ఉంటుంది.

వీడియోల దగ్గరకు వచ్చేసరికి జాగ్రత్త అవసరం. అమెరికాలో 1999 నాటి ఒక చట్టం జంతుహింసను చూపే దృశ్యాల అమ్మకాన్ని నిషేధించింది. దాని కింద కుక్కల పందేల వీడియోలు అమ్మిన ఒక వ్యక్తికి 37 నెలల శిక్ష పడింది. కుక్కలను కొట్లాడించి చంపిన విక్‌కు పడినదాని కన్నా ఇది 14 నెలలు ఎక్కువ. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ చట్టం వేట దృశ్యాలకూ వర్తించేటంత విశాలంగా ఉందని, భావప్రకటన స్వేచ్ఛకు భంగకరమని 8–1 తేడాతో కొట్టివేసింది. కోపంలో రాసిన చట్టం ఇలాగే అసలు నేరస్థుణ్ణి కూడా వదిలేయవలసిన స్థితికి తెస్తుంది. అలాగని ఇంటర్నెట్‌ను వదిలేయడమూ కుదరదు. 2012లో ఫిలిప్పీన్స్‌లోని లగూనా ప్రాంతంలో పోలీసులు 200కు పైగా పిట్‌బుల్ కుక్కలను కాపాడారు. అక్కడ జరిగే పందేలను ఇంటర్నెట్‌లో ప్రసారం చేసి విదేశాల్లో ఉన్నవారి చేత బెట్టింగ్ చేయించేవారు. పట్టుబడినవారిలో కొందరు కొద్ది నెలల ముందు అలాంటి కేసులోనే అరెస్టయి బెయిలు మీద బయట ఉన్నవారు. మరుసటి ఏడాది ఆ దేశం తన జంతు సంక్షేమ చట్టంలోని శిక్షలు పెంచింది.

కేసు నడిచేంతకాలం కుక్కలు ఎక్కడ?

శిక్షల చర్చలో తరచూ మరుగునపడేది ఈ ప్రశ్నే, ఖర్చు పరంగా పోలీసులను అన్నిటికన్నా వెనక్కి లాగేదీ ఇదే. స్వాధీనం చేసుకున్న కుక్క చట్టం దృష్టిలో కేసు సొత్తు. కత్తినో నగదునో అయితే సీలు వేసి బీరువాలో పెట్టవచ్చు. కుక్కకు రోజూ తిండి, వైద్యం, మిగతా కుక్కలకు దూరంగా ప్రత్యేకమైన గది కావాలి, అదీ ఏడాదో రెండేళ్లో. ఈ భారం మోయలేని చోట అధికారులు దాడి చేయడానికే వెనకాడతారు, లేదా కుక్కలను చంపేస్తారు. 2009 ఫిబ్రవరిలో నార్త్ కరొలైనాలోని విల్క్స్ కౌంటీలో, ఒక పందెం కేసులో స్వాధీనమైన కుక్కలను, కేసు నడుస్తుండగా పుట్టిన పిల్లలతో సహా 140కి పైగా, కోర్టు ఆదేశంతో చంపేశారు. అక్కడి చట్టం పందెం కుక్కలన్నిటినీ ప్రమాదకరమైనవిగానే లెక్కగట్టేది.

విక్ కేసులో జరిగింది దీనికి విరుద్ధం. మొదట్లో కొన్ని పెద్ద జంతు సంక్షేమ సంస్థలే ఆ కుక్కలను చంపడం మేలన్నాయి. కోర్టు మాత్రం ప్రతి కుక్కనూ విడిగా పరీక్షింపజేసి, వాటి తరఫున ఒక న్యాయశాస్త్ర ఆచార్యురాలిని సంరక్షకురాలిగా నియమించింది. దూకుడు స్వభావం కారణంగా చంపవలసి వచ్చింది ఒక్కదాన్నే. 47 కుక్కలు బతికాయి. అందులో 22 యూటాలోని ఒక శరణాలయానికి వెళ్లాయి, చాలావాటికి తర్వాత ఇళ్లు దొరికాయి. అది సాధ్యపడింది కుక్కల ఖర్చును ముద్దాయి చేత కట్టించబట్టే. ఈ దిశలో భారతదేశం 2017లో తెచ్చిన కేసు సొత్తు జంతువుల సంరక్షణ నియమాలు నిజంగా మెచ్చదగినవి. విచారణ ముగిసేదాకా జంతువుల పోషణ ఖర్చుకు ముద్దాయి నుంచి మేజిస్ట్రేట్ పూచీకత్తు తీసుకునే వీలు వాటిలో ఉంది. 50 రూపాయల జరిమానా కన్నా ఆ పూచీకత్తే పందెగాడికి బరువుగా తోచినా ఆశ్చర్యం లేదు.

నేరాన్ని వదిలి జాతిని శిక్షించే పద్ధతి మీద మాత్రం నాకు సానుభూతి లేదు. బ్రిటన్ 1991లో నాలుగు రకాల కుక్కలను నిషేధించింది, 2023 చివర్లో ఎక్స్ఎల్ బుల్లీ అనే మరో రకాన్ని ఆ జాబితాలో చేర్చవలసి వచ్చింది. ఒక రకం నిషేధిస్తే పెంపకందారులు మరో రకాన్ని తయారుచేస్తారు. భారతదేశంలో 2024 మార్చిలో 23 జాతులను నిషేధించాలంటూ కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు, సంబంధిత వర్గాల మాట వినకుండా ఇచ్చినదన్న విమర్శతో నెల తిరక్కుండానే హైకోర్టుల్లో నిలవలేకపోయింది. పందెంలో రక్తమోడినది కుక్కే. దాని జాతి మొత్తాన్ని దోషిగా నిలబెట్టడం వల్ల బరి నడిపినవాడికి ఏ నష్టమూ కలగదు.

అతనికి నిజంగా నష్టం కలిగించేది, జైలు నుంచి బయటకు వచ్చాక మళ్లీ కుక్కను పెంచుకోకుండా చేసే నిషేధం. ఓక్లహోమాలో ఒక మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు 2004లో రాష్ట్ర కోర్టులో కుక్కల పందెం నేరం ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 అక్టోబరులో, అతని దగ్గరే ఫెడరల్ అధికారులు 190 కుక్కలను స్వాధీనం చేసుకున్నారు. బ్రిటన్ చట్టం అలాంటివారిని జంతువులను ఉంచుకోవడానికి, వాటితో వ్యాపారం చేయడానికి అనర్హులుగా ప్రకటించే అధికారం కోర్టుకు ఇస్తుంది. భారతీయ చట్టంలోని 29వ సెక్షన్ కూడా ఆ అధికారం ఇస్తుంది, శాశ్వతంగా కూడా. కానీ ఆ ఆదేశాన్ని ఉల్లంఘిస్తే పడే జరిమానా 100 రూపాయల లోపు, జైలు 3 నెలల లోపు. సవరణ ముసాయిదా మళ్లీ బల్ల మీదికి వచ్చినప్పుడు 11వ సెక్షన్ పక్కనే ఈ సెక్షన్‌ను కూడా తెరిచి పెట్టుకోవాలి, 36వ సెక్షన్‌లోని 3 నెలల గడువుతో పాటు.